తాలు, ఊక, సోది: యంత్రరచనలకు వచ్చిన క్రొత్త నిందాపదములు

2025 డిసెంబరులో అమెరికాలోని మెరియం-వెబ్‌స్టర్ నిఘంటు సంస్థ ఆ యేటి మాటగా 'స్లాప్' అను పదమును ప్రకటించినది. అంతకు ముందే, అదే సంవత్సరమున, ఆస్ట్రేలియాలోని మక్వారీ నిఘంటువువారు 'ఏఐ స్లాప్' అను సమాసమునకు అట్టి గౌరవమునే యిచ్చియుండిరి. 2024లో ఆక్స్‌ఫర్డువారి తుది జాబితాలో నిలిచి, 'బ్రెయిన్ రాట్' అను మాటకు అగ్రస్థానము విడిచినదియు ఈ పదమే. కృత్రిమ మేధ యను యంత్రము అడిగినదే తడవుగా రాసులు రాసులుగా పోయుచున్న నిస్సారమైన వ్రాతలకును, బొమ్మలకును, పాటలకును ఇంగ్లీషువారు పెట్టుకొన్న పేరిది. ఒక హీనమైన వాడుకమాట ఇంత స్వల్పకాలములో మూడు నిఘంటు సంస్థల గుమ్మము తొక్కుట అరుదు.

తెలుగున 'కృత్రిమ మేధ' అను సమాసము పత్రికలవారి చలువచే నిలదొక్కుకొన్నది. ఆ మేధ పారబోయు చెత్తకు మాత్రము తెలుగులో స్థిరమైన పేరు ఏర్పడలేదు. పత్రికలు 'ఏఐ స్లాప్' అని లిప్యంతరము చేసి ఊరకున్నవి. పేరు లేని దోషమును విమర్శకుడు పట్టుకొనలేడు. పరిశోధకవిద్యార్థికి అధ్యాపకుడు దానిని చూపలేడు. కావున ఈ పదాన్వేషణము కేవలము వినోదము కాదని మా తలంపు. ఇందుకై మేము నల్లగొండజిల్లా కట్టంగూరు ప్రాంతపు కల్లములలో నలిగిన మాటలను ముందుంచుకొనుచున్నాము. పండితులు కూర్చిన పారిభాషికపదముల జోలికి పోవుట లేదు.

ఇంగ్లీషు పదముయొక్క చరిత్ర ముందు కొంత చూడవలసియున్నది. పదునెనిమిదవ శతాబ్దిలో స్లాప్ అనగా మెత్తని బురద. పందొమ్మిదవ శతాబ్దికి అది వంటయింటి వ్యర్థమైనది, విశేషించి పందులకు పోయు ఎంగిలి. తరువాత విలువలేని వస్తువు ఏదైనను ఆ పేరనే పిలువబడినది. యంత్రరచనపై ఈ మాట వ్యాపించుట 2024లో ఆరంభమైనది. దీనికి తోబుట్టువులును కలవు. 2021లో కొందరు పరిశోధకులు ఈ యంత్రములను గూర్చి వ్రాసిన పత్రమున వానిని యాదృచ్ఛికముగా పలుకు చిలుకలని వర్ణించిరి. 2023లో కేంబ్రిడ్జి నిఘంటువు, యంత్రము లేనిదానిని ఉన్నట్లు చెప్పుటయను అర్థమున, భ్రాంతిపడుటను చెప్పు క్రియను ఆ యేటి పదముగా గైకొన్నది. 2025లో 'క్లాంకర్' అను మాట చలనచిత్రములలోని మరమనుష్యుల నుండి దిగివచ్చి యంత్రమునకు తిట్టైనది. అదే యేట కచ్చేరీపనికి యంత్రముచే నింపి యిచ్చు పసలేని నివేదికలకు 'వర్క్‌స్లాప్' అని పేరువచ్చినది.

చిలుక మాట యొద్ద ఒక్క క్షణము ఆగవలెను. ఇంగ్లీషున చిలుకవలె పలుకుట నింద. తెలుగున చిలుకపలుకు ముద్దు. కదిరీపతి శుకసప్తతిలో కథచెప్పు బుద్ధిశాలి చిలుకయే. వల్లెవేసిన పాఠమును గూడ మనము చిలుకపలుకులందుము గాని, అందులో తిట్టుకంటె జాలి యెక్కువ. ఒక భాషలోని తిట్టు మరొక భాషలోనికి తిట్టుగానే దిగునను నమ్మకము చాల సందర్భములలో చెల్లదు. స్లాప్ విషయమున ఇది మరింత స్పష్టము.

ఆ పదమునకు నిఘంటువు చూచి తెలుగు చెప్పుమన్నచో ఎవరైనను 'కుడితి' యందురు. అర్థము సరిగా అతుకును. బియ్యము కడిగిన నీరు, గంజి, మిగిలిన అన్నము, కూరగాయల తొక్కు, చిట్టు, తవుడు కలిపి పశువునకు పెట్టునది కుడితి. కుడుచుట అను ధాతువునకు చుట్టమైన పదమది. ఐనను ఈ అనువాదము చెల్లదని మేము గట్టిగా చెప్పుచున్నాము. నల్లగొండ పల్లెలలో కుడితిగోలెము ఇంటికి అవమానము కాదు. అది యున్న యింట పాడి యున్నదని గుర్తు. ప్రక్కయింటి యిల్లాలు తనయింట బర్రె లేకున్నను గంజి పారబోయక తెచ్చి ఆ గోలెములో వంచిపోవును. ఇందులో ఏ పదార్థమును వ్యర్థము కాదు. బర్రె త్రాగును, పాలు వచ్చును. ఇంగ్లీషువాని స్లాపు పందికి పోయునది కాబట్టి అందులో ఏవగింపు కలదు. మన కుడితి పాడిపశువునకు పోయునది కాబట్టి అందులో పొదుపును, ఆప్యాయతయు కలవు. 'కుడితిలో పడ్డ ఎలుక' యను నానుడిలో గూడ అపహాస్యము ఎలుకకే గాని కుడితికి లేదు. యంత్రపు వ్రాతను కుడితియని పిలుచుట దానికి లేని గౌరవము నిచ్చుట యగును. చదివినవానికి దానివలన ఏ పాలును రాదు.

ఇక వాడుకలోని తిట్లు. యువజనుల నోట తరచుగా వినవచ్చునవి సొల్లు, సోది, చెత్త. యంత్రపు వ్రాతను చూచినపుడు ఈ ప్రాంతపు పలుకుబడిలో 'ఏఐ లెక్క ఉన్నది' అనియు అనవచ్చును. ఉపమావాచకముగా 'లెక్క' యను మాట తెలంగాణమున సహజము. సొల్లు అనగా మొదట నోటినుండి కారు చొంగ. అదుపులేని మాటకు అది రూపకమైనది. చెత్త మరీ సామాన్యము. ఏ దోషమునకైనను చెల్లును గాన ఏ దోషమును చెప్పదు.

సోది మాత్రము విచారింపదగినది. ఎరుకలసాని గద్దె చెప్పుట సోది. వినువారి ముఖమును బట్టి, వారు వినగోరుదానిని, ఏ యింటికైనను సరిపోవు మాటలలో తడుముకొనక చెప్పుకొనిపోవుట దాని లక్షణమని వినువారు భావించిరి; అందువలన అంతులేని మాటలకు సోది యను వాడుక వచ్చినది. యంత్రరచనకు ఇంతకంటె దగ్గరి పోలిక దొరకదు. యంత్రమును ఏమడిగినను తడుముకొనదు, కాదనదు, అడిగినవాని మనసునకు అనుకూలముగనే చెప్పును. ఐనను ఈ మాటను పరిభాషగా గైకొనుటకు మాకు మనసొప్పుట లేదు. ఎరుకలసానికి ఒక విద్య కలదు, ఒక పాటవరుస కలదు, ఎదుట కూర్చున్న మనిషి కష్టమును కనుగొను చూపు కలదు. ఆమె వృత్తిని తిట్టుగా మార్చినది ఊరివారు. యంత్రపు దోషమును చెప్పుటకు ఆమె పేరు మరల ఈడ్చుట అన్యాయము.

కట్టంగూరు హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ జాతీయరహదారిపై, నార్కట్‌పల్లికిని నకిరేకల్లునకును నడుమనున్న మండలకేంద్రము. జొన్న, కంది, ఆముదము పండిన మెట్టసీమ ఇది. నేడు వరి విస్తారముగా పండుచున్నది, బత్తాయితోటలును కలవు. వరిని కొలుచు చోట భాష యెంత సూక్ష్మముగా నుండునో ఇచ్చటి కల్లములలో చూడదగును. వడ్లపైన పొట్టు ఊక. ఊక తీసిన బియ్యముపై నుండి వచ్చు పొడి తవుడు. విరిగిన బియ్యము నూక. ఇవి మూడును గింజనుండి వచ్చినవి. నాల్గవది వేరు. పాలుపోసుకొనక, లోన బియ్యము కట్టక, పైకి గింజవలెనే నిలిచిన వట్టి తిత్తి తాలు. దానినే పొల్లు అనియు అందురు. వృత్తిపదములను పండితులు చిన్నచూపు చూచుచున్న కాలమున, 1962లో, భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదకులై వెలువరించిన మాండలిక వృత్తిపదకోశపు తొలిసంపుటము వ్యవసాయపదములదే యగుట మన విద్యార్థులకు గుర్తుచేయవలెను. సాహిత్యవిమర్శకు కావలసిన పరికరములు కొన్ని ఆ బస్తాలలోనే యున్నవి.

సామాన్యముగా పసలేని ప్రసంగమునకు మనము 'ఊకదంపుడు' అందుము. యంత్రరచనకును ఈ పేరే చాలునని కొందరనవచ్చును. మా పరిశీలనలో ఇది కొంత తప్పుదారి. ఊకను దంచువాడు దంచుచున్నాడు, చెమటోడ్చుచున్నాడు, ఫలము లేదు, అంతే. అంతకంటె ముఖ్యము, ఊక ఒకనాడు గింజను కప్పియుండినది. ఊకదంపుడు ఉపన్యాసకుని మాటలలో ఎన్నడో ఒక భావముండి యుండును, అది రాలిపోయి పొట్టు మిగిలినది. యంత్రవాక్యమున గింజ రాలిపోవుట యుండదు. అది మొదటినుండియు లేదు. పైకి మాత్రము సర్వాంగములును సమకూరియుండును: కర్త, కర్మ, క్రియ, సమాసము, ఉపసంహారము. తాలునకును ఇదియే లక్షణము. వెన్నున మంచిగింజల ప్రక్కననే, అదే రంగుతో, అదే ఆకృతితో నుండును. కంటికి చిక్కదు. బరువున చిక్కును. కావుననే రైతు తాలును కంటితో ఏరడు, గాలికి ఎత్తిపోయును.

ఇచ్చట మన భాష చేసిన యొక మేలు చెప్పవలెను. గాలికెత్తి పోయుటకు తూర్పారబట్టుట యని పేరు. ఒకని వ్రాతను కఠినముగా విమర్శించుటకును తూర్పారబట్టుట యనియే పేరు. విమర్శ యనగా దండించుట యని గాక వేరుచేయుట యని తెలుగు జానపదుడు ఎరుగును. మరియు 'పొల్లు' అను మాటకు వ్యాకరణమునను ప్రవేశము కలదు. అచ్చు లేని హల్లును పొల్లు అందుము. నకారపొల్లు ప్రతి విద్యార్థియు ఎరిగినదే. అచ్చులకు ప్రాణములనియు హల్లులకు ప్రాణులనియు మన వైయాకరణులు పేరు పెట్టిరి. ప్రాణము చేరని అక్షరము పొల్లు, బియ్యము చేరని గింజ పొల్లు. కల్లమునకును బడికిని ఒకే మాట పోయినది. వింతయేమన, విన్నది విన్నట్లు ఒప్పజెప్పినవానిని 'పొల్లు పోకుండ చెప్పినాడు' అని మెచ్చుకొందుము. యంత్రమునకు ఈ మెప్పు రెండర్థములలోను తగును: పొల్లును గూడ పోనీయదు.

గాలికెత్తుట యనగా వ్రాతవిషయమున ఏమి చేయుట? మాకు తోచిన పరీక్ష యొకటి కలదు, సులభమైనది. మచ్చునకు మేమే కూర్చిన వాక్యమును చూడుడు: పచ్చని పొలాలతో, ప్రశాంతమైన వాతావరణంతో, సంస్కృతీ సంప్రదాయాలకు నిలయంగా విరాజిల్లుతున్న కట్టంగూర్ కేవలం ఒక గ్రామం మాత్రమే కాదు, అది ఒక అనుభూతి. ఇందు వ్యాకరణదోషము లేదు. కట్టంగూరు అను పేరు తీసి దేవరకొండ యని వేయుడు, అచ్చంపేట యని వేయుడు, తెనాలి యని వేయుడు. వాక్యమునకు ఏ గాయమును తగులదు. పేరు మార్చినను చెడని వాక్యము ఆ యూరిని గూర్చి యేమియు చెప్పలేదన్నమాట. నార్కట్‌పల్లికిని నకిరేకల్లునకును నడుమ రహదారిపై నున్నదని మేము పైన వ్రాసిన వాక్యము సొగసైనది కాదు. కాని పేరు మార్చగనే అబద్ధమగును. అబద్ధమగుటకు అవకాశము లేని వాక్యము తాలు. 'కేవలం ఇది మాత్రమే కాదు' అను ఎత్తుగడయు, ప్రతి నామమునకు ముందు ఒక 'ఒక'యు, అవసరము లేని 'చేయబడిన'లును ఇంగ్లీషు వాక్యపు ఎముకలపై తెలుగు చర్మము కప్పుటవలన వచ్చినవి. పద్యము వ్రాయుమన్నచో యతిప్రాసలు తప్పుటయు కలదు. అది చిన్నదోషము, ఛందశ్శాస్త్రముతో దిద్దవచ్చును. గింజ లేకపోవుట దిద్దుటకు వీలుపడనిది.

ఈ పరీక్షకు తెలుగున నిజమైన ఉదాహరణము కలదు. అది నేటి యంత్రములకంటె పాతది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టినది. దానియందు మన పల్లెల పేర్లతో వేలకొలది పుటలు వెలసినవి. ఏ మండలమునకు చెందిన గ్రామమో చెప్పు ఒకటి రెండు వాక్యములు మాత్రమే అందుండెడివి. అవి అచ్చుపోసిన వాక్యములని, సంఖ్య పెంచుటకు తప్ప అక్కరకు రావని ఆక్షేపించినవారు కలరు. ఆ సముదాయమువారు ఇట్టి పొట్టిపుటలకు పెట్టుకొన్న పేరు 'మొలక'. తరువాత 2009లో గూగుల్ సంస్థ తన అనువాదపరికరముల సాయమున ఇంగ్లీషు వికీపీడియాలోని వ్యాసములను తెలుగు, తమిళము, కన్నడము మొదలగు భాషలలోనికి మార్పించి చేర్చు పనికి పూనుకొన్నది. డబ్బు పుచ్చుకొను అనువాదకులు యంత్రమిచ్చిన పాఠమును దిద్దిరి. వ్యాసములు పొడవైనవి, వానియందు ఉపశీర్షికలు, పట్టికలు, సమస్తము కలవు. చదువబోయినచో కాలు నిలువదు. వాక్యము ఎచ్చట మొదలై ఎచ్చటికి పోవుచున్నదో తెలియదు. విశేషణములు ఒకదానిపై నొకటి ఎక్కి విశేష్యము కనబడకుండ పోవును. తెలుగువారు ఏమి చదువగోరుదురను విచారము లేక, ఇంగ్లీషున అధికముగా వెదకబడు విషయములే ఎన్నుకొనబడినవి. ఆయా భాషల సముదాయములు అభ్యంతరము చెప్పినవి. 2011లో ఆ పని ఆగిపోయినది. 'గూగుల్ అనువాద వ్యాసములు' అను మాట తెలుగు వికీపీడియావారి నోట దోషవాచకముగా మిగిలినది. వానిని దిద్దుటయా, తొలగించుటయా యను చర్చ చిరకాలము సాగినది.

ఈ రెండు సంఘటనలను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినపుడు సామాన్యులు చేసిన నామకరణములోని వివేకము మాకు ఆశ్చర్యము గొల్పుచున్నది. రెండును యంత్రపద్ధతిలో పెరిగినవే. రెండింటను మనిషిచేయి స్వల్పమే. ఐనను ఒకదానికి మొలక యని ముద్దుపేరు, మరొకదానికి పరాయిసంస్థ పేరుతో నింద. పల్లెపుట ఒక్క వాక్యమే యైనను నిజము. పేరు మార్చినచో చెడును. ఆ యూరివాడెవడైనను వచ్చి రెండవ వాక్యము చేర్చుకొనవచ్చును. అనువాదవ్యాసము నూరు వాక్యములైనను రెండవ చేతికి చోటులేదు, దిద్దబూనినవాడు మొత్తము తిరిగి వ్రాయవలసినదే. పొడవు, అలంకారము, పూర్ణత అనునవి గుణములని మనము బడిలో నేర్పుచున్నాము. యంత్రము ఈ మూడింటిని ఊరకే యిచ్చుచున్నది. ఇకపై మార్కులు వేయునపుడు వానికి విలువ తగ్గింపక తప్పదు.

నిందాపదమునకు మరియొక వైపు కలదు; అదియు కట్టంగూరు వరిబస్తాలనే యడిగి తెలిసికొనవచ్చును. ధాన్యము కొనుగోలు కేంద్రములకు చేరినపుడు తేమ పదునేడు శాతమునకు మించరాదని నియమము. తాలు ఉన్నదను సాకుతో క్వింటాలునకు ఇన్ని కిలోలని తరుగు తీయుట తెలంగాణమున ప్రతి పంటకాలమునను వినవచ్చు మొర. చెడుగింజ కొంత యున్నమాట నిజమే కావచ్చును. కాని తరుగు తాలుపై పడదు, బస్తాపై పడును. మంచిగింజ పండించినవాడును అందులో పోవును. విమర్శకుని చేతిలోని నిందాపదము తరాజుగా మారినపుడు జరుగునదియు ఇదే.

2025 మార్చి చివరి దినములలో హైదరాబాదు విశ్వవిద్యాలయము చెంత కంచ గచ్చిబౌలిలో 400 ఎకరముల భూమిపై వివాదము రేగినది. యంత్రములు చెట్లను కూల్చుచుండగా లేళ్ళు, నెమళ్ళు పరుగెత్తుచున్నట్లు బొమ్మలు దేశమంతట తిరిగినవి. అందు కొన్ని కృత్రిమ మేధ గీసినవి. ప్రభుత్వము ఆ సంగతిని గట్టిగా పట్టుకొని, కృత్రిమచిత్రములు ప్రజలను పెడదారి పట్టించినవన్నది; అట్టి బొమ్మను పంచుకొన్న ఉన్నతాధికారికి పోలీసు తాఖీదు పోయినది. బొమ్మలు కల్పితములగుట నిజమే. చెట్లు కూలుటయు నిజమే. ఏప్రిల్ 3న సర్వోన్నతన్యాయస్థానము ఆ కూల్చివేతను నిలిపినది. ఇచ్చట రెండు నష్టములు జరిగినవి. నిజమైన బాధను చెప్పదలచినవారు కల్పిత చిత్రముపై ఆధారపడి తమ సాక్ష్యమును తామే తేలిక పరచుకొనిరి. మరల ఆ తేలికదనమును చూపి, నిజమైన ఛాయాచిత్రమును సైతము 'ఏఐ' యని త్రోసివేయుటకు వీలు చిక్కినది. 'ఏఐ' అను రెండక్షరములే నేడు తిట్టై, కాదనుటకు కారణము చూపనక్కరలేని మాటయై కూర్చున్నవి.

గుంపును మొత్తముగా కొట్టివేయు మాటకు సమాధానమెట్లు చెప్పవలెనో ఈ సీమయే ఒకప్పుడు చూపినది. నిజాము రాష్ట్రమున ఆంధ్రకవులు లేరను మాట వచ్చినపుడు పాలమూరు జిల్లావాడైన సురవరము ప్రతాపరెడ్డిగారు వాదమునకు వాదము పెంచలేదు. 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి 354 మంది కవులను పేరు పేరున నిలబెట్టిరి. ఆ కవులందరును సమానులు కారు. సంకలనముచేసినవారికి ఆ సంగతి తెలియకపోదు. లేరనువానికి ఉన్నారని చూపుట ముందుపని, జల్లించుట తరువాతిపని.

విశ్వవిద్యాలయములలో ఈ ప్రమాదము మన గుమ్మములోనికే వచ్చినది. సిద్ధాంతగ్రంథము చక్కగా, తప్పులు లేక యున్నచో యంత్రము వ్రాసినదని అనుమానించు కాలమిది. దానిని తేల్చుటకు మరియొక యంత్రమును ఆశ్రయించుట పరిపాటియగుచున్నది. ఇట్టి పరీక్షాయంత్రమును తానే చేసిన ఓపెన్ఏఐ సంస్థ, అది సరిగా గుర్తింపలేకున్నదని 2023 జూలైలో దానిని ఉపసంహరించుకొన్నది. అదే సంవత్సరమున స్టాన్‌ఫర్డు పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివారు పరీక్షలో స్వయముగా వ్రాసిన వ్యాసములను ఇట్టి పరికరములకు చూపగా, సగమునకు మించి యంత్రరచనలని తీర్పు వచ్చినది. పరాయిభాషలో జాగ్రత్తగా, తెలిసిన మాటలతోనే వ్రాయువాడు యంత్రమువలె కనబడును. గ్రామమునుండి వచ్చి మొదటిసారి గ్రాంథికశైలి పట్టుకొన్న మన విద్యార్థియు అట్లే జాగ్రత్తగా వ్రాయును. 2018 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘము నియమములు గ్రంథచౌర్యమును శాతములలో కొలుచుటకు దారి చూపినవి; చౌర్యమునకు మూలగ్రంథము చూపవచ్చును గాన అది కొంతవరకు చెల్లినది. తాలునకు మూలము చూపలేము. అధ్యాపకుడు విద్యార్థిని ఎదుట కూర్చుండబెట్టుకొని ఈ వాక్యము నీకెట్లు తెలిసినదని అడుగుటకంటె నమ్మదగిన జల్లెడ మాకు కనబడుట లేదు. అది శ్రమ. తీరిక లేదను మాటయు నిజమే.

తెలుగు కావ్యములలో కుకవినింద నన్నెచోడుని నాటినుండి యున్న సంప్రదాయము. కావ్యావతారికలో పూర్వకవులను స్తుతించి కుకవులను నిందించుట మర్యాద. ఆ నిందలో గమనింపదగిన సంగతి: నిందింపబడువాడు ఒక మనిషి. వాడు దొంగయో, అసూయాపరుడో, శబ్దజ్ఞానము లేనివాడో, ఏమైనను సిగ్గుపడగలవాడు. యంత్రమును ఎంత తిట్టినను సిగ్గుపడదు. 'క్లాంకర్' వంటి తిట్లపై మాకు ఆదరము లేకపోవుటకు కారణమిదియే. అవి విసరినవాని కోపము తీర్చును గాని ఎవనికిని తగులవు. తాలు అను మాటకు ఈ లోపము లేదు. తాలును ఎవరును తిట్టరు. తాలును బస్తాలో పోసి గింజయని అమ్మజూపినవానిని నిలదీయుదురు. తూర్పారబట్టక తెచ్చినవాడెవడు? తన పేరు పెట్టుకొన్న మనిషి యెవడు? నింద వానిది. యంత్రసాయముతో వ్రాసి, గాలికెత్తి, గింజను మాత్రమే తెచ్చినవానితో మాకు పేచీ లేదు.

ఈ ఉపమానమునకు ఒక ఆక్షేపణ రాదగును. తాలు పుట్టుటకు ఎండయు, తెగులును, నీటి యెద్దడియు కారణములు. రైతు కావలెనని పండింపడు. యంత్రపు తాలు కావలెనని, లాభమునకై, కుప్పలుగా పోయబడునది. ఇది సమంజసమైన ఆక్షేపణమే. ఉత్పత్తివిషయమున పోలిక చెల్లకున్నను వినియోగవిషయమున చెల్లుచున్నది. మీదుమిక్కిలి, విత్తనముదగ్గర ఈ మాట మరే మాటయు చూపలేని కీడును చూపుచున్నది.

ఈ ప్రాంతపు రైతునకు వ్యవసాయాధికారులు చెప్పు పద్ధతి యొకటి కలదు. విత్తనపువడ్లను ఉప్పునీటిలో పోసినచో తాలు తేలును, నిండుగింజ మునుగును. తేలినదానిని తీసివేసి మునిగినదానిని కడిగి నారు పోయవలెను. తాలు తినుటకు పనికిరాదు, అది చిన్ననష్టము. తాలు మొలవదు, అది పెద్దనష్టము. భాషాయంత్రములు మనుష్యుల వ్రాతలను విత్తనముగా గొని పెరుగుచున్నవి. తమ యుత్పత్తినే మరల మరల విత్తనముగా వేసినచో తరతరమునకు అవి క్షీణించునని 2024 జూలైలో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన చూపినది. అరుదైన మాటలు, అరుదైన ప్రయోగములు ముందుగా మాయమగును. ఇంగ్లీషునకు విత్తనపుకొట్టు పెద్దది. తెలుగు 2011 జనాభాలెక్కలలో ఎనిమిది కోట్లకు పైబడిన జనుల మాతృభాషయైనను అంతర్జాలమున దాని వ్రాత మిక్కిలి స్వల్పము. స్వల్పమైన కొట్టులో కొంచెము తాలు పడినను పాలు ఎక్కువగును. చిన్నభాషలకు ఈ గతి పట్టుట ఊహ కాదు: గ్రీన్‌లాండు భాషలోని వికీపీడియా, ఆ భాష రానివారు యంత్రానువాదములతో నింపుటచే చెడి, 2025లో మూసివేతకు నిర్ణయింపబడినది. ముందు మాయమగునవి అరుదైన మాటలన్నచో, తెలుగున అవి యెవ్వి? కుడితిగోలెము, తరుగు, తాలు, 'లెక్క' అను ఉపమావాచకము. పత్రికలకును పాఠ్యగ్రంథములకును ఎక్కక నోటనే నిలిచిన తెలంగాణపు పలుకుబడి మొదట పోవును. పేరు మార్చినను చెడని తెలుగు మిగులును.

కావున నిఘంటుకర్తల పరిశీలనకై ఈ క్రింది ఆరోపమును ప్రతిపాదించుచున్నాము. తాలు, నామవాచకము. ఒకటి: లోన బియ్యము కట్టని వరిగింజ, పొల్లు. రెండు: చూపునకు సలక్షణముగా నుండి, ఏ స్థలమునకును ఏ మనిషికిని ప్రత్యేకముగా చెందని వ్రాత, బొమ్మ లేక పాట, విశేషించి కృత్రిమ మేధచే చేయించి పరిశీలింపక వెలువరించినది. దీనినుండి తాలువ్రాత, తాలుబొమ్మ అను సమాసములు సాధువులు. 'వర్క్‌స్లాప్' అనుదానికి తాలునివేదిక యనవచ్చును. ప్రయోగము: ఈ వ్యాసము నలుబది పుటలున్నది గాని ముప్పాతిక తాలు. మనిషి వ్రాసినదానికి ఈ మాట వర్తింపదా యని యడిగినచో, రెండవ అర్థములో 'విశేషించి' అను పదమును మేము ఉద్దేశపూర్వకముగనే ఉంచితిమి.